రంగు పోతుందని తలుపు తియ్యని భద్రావతి

అనగనగా ఒక నేతగాళ్ళ ఊరు. ఊకొట్టవే, ఊకొట్టకపోతే నేను చెప్పను. ఆ ఊళ్ళో భద్రావతి అని ఒకావిడ ఉండేది. మగ్గం కింద గుంటలో కాళ్ళు దించుకుని, పొద్దుగూకేదాకా పట్టుచీరలు నేసేది.

భద్రావతికి ఒక్కటే కోరిక. తనకో కూతురు పుట్టి పెద్దదై, పిల్లని కని పుట్టింటికొస్తే, ఆ పిల్లని తన కాళ్ళమీద బోర్లా పడుకోబెట్టుకుని నీళ్ళు పోయాలి. నీకు నేను పోశానే, అలాగన్నమాట. అదేమంత గొంతెమ్మ కోరికా? కాదు కదా.

పట్టుకి ఎండ తగిలితే రంగు పోతుంది. అందుకని వాళ్ళ కిటికీ, తలుపు ఎప్పుడూ మూసే ఉండేవి. భద్రావతి కాపురానికొచ్చిన రోజునే అత్తగారు, తలుపు తీశావంటే రంగు పోతుందే అమ్మాయ్, జాగ్రత్త అంది. ఆవిడ చెప్పింది చీర సంగతి. ఈ పిచ్చి మాలోకం తన ఒంటి సంగతి కూడా అనుకుంది. అసలే చామనఛాయ, ఇంకా నల్లబడితే ఎలా అని బెంగపడింది. ఆ తర్వాత మోచేతులు దాటిన రవికె, నెత్తిన నిండా కొంగు. నీళ్ళకి వెళ్ళినా పొద్దు పొడవకముందే వెళ్ళొచ్చేసేది.

అప్పుడు సూరీడికి జాలేసింది. ఒకనాడు గుమ్మం ముందుకొచ్చి, నీ ఎముకలకి సత్తువ తెచ్చాను, కాస్త తలుపు తియ్యమ్మా అని అడిగాడు. చీర పాడవుతుంది వెళ్ళు నాయనా అంది భద్రావతి. వయసులో ఉంది కదా, ఏ నొప్పీ తెలియలేదు.

ఆ తర్వాత కూతురు హైమావతి పుట్టింది. నడుం లాగడం మొదలైంది. సూరీడు మళ్ళీ వచ్చాడు. నీలాంటి చాయ ఉన్నవాళ్ళకి నేను ఇంకాస్త ఎక్కువసేపు కావాలమ్మా అని బతిమాలాడు. అప్పుడు భద్రావతి ఏం చేసిందో తెలుసా? పెద్ద తెలివి! కిటికీకి గాజుపలక బిగించి, దాని వెనక కూర్చుంది. గాజు వెచ్చదనాన్ని రానిస్తుంది గానీ ఆ సత్తువని బయటే ఆపేస్తుందే తల్లీ. ఒళ్ళు వెచ్చబడింది, అంతే. పోనీ తిండిలో వస్తుందా అంటే, చేపా గుడ్డూ వాళ్ళ గడప తొక్కవు. చెప్పేవాళ్ళు లేరు, చెప్పినా వినే రకమూ కాదు.

అలా ఏళ్ళు గడిచాయి. అత్తగారు పోయింది. హైమావతికి పెళ్ళయింది, నెల తప్పింది. భద్రావతి మాత్రం గుంటలోంచి లేవాలంటే మగ్గం గుంజ పట్టుకుని మూడుసార్లు ఊగాలి. అప్పుడు భయమేసింది ఆవిడకి. ఈ కాళ్ళతో పిల్లకి నీళ్ళెలా పోస్తానురా భగవంతుడా అని ఏడ్చింది. మగ్గం ఆపింది. తలుపులు బార్లా తీసి, కొంగు దించి, వాకిట్లో కూర్చుంది.

సూరీడు మూడోసారి వచ్చాడు. ఆవిడ చేతులు తడిమి చూసి, మొహం దించుకున్నాడు.

"నేను ఇస్తూనే ఉన్నానమ్మా. నీ ముసలి చర్మమే అందుకోలేకపోతోంది."

అయినా రోజూ కూర్చుంది పాపం. ఒకరోజు లేవబోతే కాలు మడతపడింది. పడిందీ పెద్దగా ఏం కాదు, గడపంత ఎత్తు నుంచి. తుంటి ఎముక విరిగింది. కట్టు కట్టారు, పసరు పోశారు, పట్నం తీసికెళ్ళారు. అతకలేదు.

ఆ తర్వాత హైమావతి ఆడపిల్లని కని వచ్చింది. నీళ్ళు పక్కింటావిడ పోసింది. భద్రావతి మంచంమీంచి చూస్తూ, మెడ కింద మడతల్లో రుద్దు, చెవుల్లో నీళ్ళు పోనివ్వకు అని చెబుతూనే ఉంది. ఒళ్ళు తుడిచిన పిల్లని హైమావతి తెచ్చి, ఒక్కసారి అమ్మ కాళ్ళమీద పడుకోబెట్టింది.

పిల్ల ఎంతుంటుందే, దూదిపింజంత. భద్రావతి పళ్ళు బిగబట్టింది. కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి.

"తియ్యవే హైమా. మొయ్యలేకపోతున్నాను."

మళ్ళీ ఏమైందని అడక్కు. బాగవలేదు. అన్ని కథల్లోనూ బాగవ్వాలని రాసిపెట్టి ఉందా ఏమిటి? నాకూ ఏడుపొస్తోంది. ఇలా దగ్గరికి జరుగు.

కథ వెళ్ళె కంచికి,
మనం చేరాం ఇంటికి,
ఎండ తగలాలి ఒంటికి,
నిద్ర రావాలి కంటికి.