కుడి భుజం మీది క్యాను

ఆ రిపోర్టు సాయంత్రం ఐదింటికల్లా పంపేయాలి. ప్రణీత్ జేబులో ఫోను మోగుతూనే ఉంది. రోడ్డు ప్రమాదాల పరిశీలనలో అతనికి గురువైన ఖాదర్‌వలీ గారు మాత్రం, హైవే పక్కన నీళ్ల ప్లాంటు ముందు తీరుబడిగా నిలబడి, క్యాన్లు మోసుకెళ్లే ఆడవాళ్లను చూస్తున్నారు.

"ఇందులో తేల్చడానికి ఏముంది సార్? నాంచారమ్మ నీళ్ల క్యానుతో డివైడర్ సందులోంచి ఊళ్లోకి దాటబోయింది. కుడివైపు చూడలేదు. లారీ గుద్ది చనిపోయింది. కారణం, పాదచారి నిర్లక్ష్యం. మీరు సంతకం పెడితే పంపేస్తాను."

ప్లాంటు మెట్టు మీద కూర్చున్న బసవమ్మ గభాల్న లేచింది. ఆమె నాంచారమ్మకి తోడికోడలు.

"మా నాంచారమ్మ గుడ్డిది కాదు బాబూ. పదకొండేళ్లు దాటింది ఈ రోడ్డు. తప్పంతా దానిదేనని రాసేస్తే ఇంక మాకిక్కడ దారెవరు ఏస్తారు? రేపు మేమూ ఇక్కడే పోవాల గదా!"

ప్రణీత్‌కి చిరాకేసింది. కిలోమీటరు అవతల అండర్‌పాస్ ఉంది. అక్కడిదాకా నడవడానికి బద్ధకం, ఆ తర్వాత రోడ్డుకి శాపనార్థాలు. ఇలాంటి ఫైళ్లు అతను నెలకి పది చూస్తాడు.

ఖాదర్‌వలీ గారు ఇరవై లీటర్ల క్యాను ఒకటి నింపించారు.

"ఇది నాంచారమ్మ ఇంట్లో దింపి రా. అప్పుడు సంతకం పెడతాను."

బసవమ్మ క్యాను ఎత్తి అతని కుడి భుజం మీద పెట్టింది. "మేమందరం ఇట్టాగే మోస్తాం" అంది.

ఇది పరీక్షేనని ప్రణీత్ పసిగట్టాడు. లోలోపల నవ్వుకుని, బుద్ధిమంతుడిలా అండర్‌పాస్ వైపు నడిచాడు. రెండు వందల అడుగులు వేసేసరికి మెడ పక్కకు వాలిపోయింది. లోపల నీళ్లు ఊగుతున్నాయి. చెమట కళ్లలోకి కారుతోంది. ఫోను మళ్లీ మోగింది. తీయడానికి చెయ్యి ఖాళీ లేదు. నాలుగున్నర అయిపోయి ఉంటుంది. అటు ఇంకా దాదాపు కిలోమీటరు, అవతల మళ్లీ అంత దూరం వెనక్కి.

వెనక్కి తిరిగాడు. డివైడర్ సందుకి ఎదురుగా వచ్చి రోడ్డు అంచున ఆగాడు. చూశాడు. ఏమీ రావడం లేదు. అడుగు వేశాడు.

వెనకనుంచి ఎవరో కాలర్ పట్టుకుని ఒక్క లాగు లాగారు. చొక్కా గుండీలు తెగాయి. క్యాను కిందపడి పగిలింది. అతని ముఖం ముందునుంచి బస్సు దూసుకుపోయింది.

ఖాదర్‌వలీ గారు ఇంకా కాలర్ వదల్లేదు.

"కుడివైపు ఏం కనపడింది?"

ప్రణీత్ కింద పగిలిన క్యాను వైపు చూశాడు.

"క్యాను."

ఆయన జేబులోంచి పెన్ను తీసి అతని చేతికిచ్చారు. ప్రణీత్ రిపోర్టు తీసి, కారణం అని ఉన్న చోట తను రాసింది కొట్టేశాడు. కాగితం చిరిగింది.

ఈలోగా బసవమ్మ ఇంకో క్యాను నింపించుకుని, కుడి భుజానికి ఎత్తుకుని సందు వైపు వస్తోంది. ఇంట్లో పొయ్యి మీద ఎసరు పెట్టాలి ఆమె.

ఫోను మోగుతోంది. ప్రణీత్ తీయలేదు. పరుగున వెళ్లి ఆమెకి కుడిపక్కన నిలబడి, ఆమె బదులు తను రోడ్డు చూశాడు.