గారెలూ, దిష్టీ, బొల్లిగాడి కడుపూ

ఒకప్పుడు కుక్క పడుకోవాలనుకుంటే పడుకునేది. అంతే. ఉన్నచోటే దబ్బున వాలిపోయి కళ్ళు మూసుకునేది. ఇప్పటిలాగా ముందు గుండ్రంగా తిరిగి, ఆ తర్వాత పడుకోవడం దానికి తెలియదు.

ఆ రోజుల్లో మనుషులూ జంతువులూ ఒకే భాష మాట్లాడుకునేవాళ్ళు. అందుకని తగాదాలు కూడా ఎక్కువగానే ఉండేవి.

కొండ కింద ఒక పాకలో నూకమ్మవ్వ ఉండేది. ఆమె గారెలు వేసి సంతలో అమ్మేది. ఆమె గారెల వాసన వస్తే కొండ మీద గొర్రెలు కూడా మేత ఆపి తలలు ఎత్తేవి. ఆమెకు కొన్ని కోళ్ళు, ఒక మేక, కోళ్ళకు కాపలాగా బొల్లిగాడు అనే కుక్క ఉండేవి. కాపలా కాసినందుకు బొల్లిగాడికి పాక ముందున్న చల్లటి అరుగు ఇచ్చింది. ఆ అరుగంటే వాడికి ప్రాణం.

సంత నుంచి రాగానే అవ్వ మిగిలిన గారెలన్నీ వాడి ముందు పోసేది.

"తినరా బొల్లిగా. నూనె బాగా పట్టినవి నీకే దాచాను."

వాడు తినేవాడు. ఒకటి మింగుతూ రెండోదాన్ని చూసేవాడు. రెండోది మింగుతూ మూడోదాని గురించి ఆలోచించేవాడు. నమలడం అనే పని పళ్ళకు ఎప్పుడూ చెప్పలేదు.

కానీ వాడి కడుపు చాలా సున్నితమైనది. గారెలు లోపలికి వెళ్ళిన కాసేపటికి గుడగుడ మొదలయ్యేది. తర్వాత బుడబుడ. తర్వాత బండరాళ్ళు దొర్లినట్టు పెద్ద శబ్దం. అప్పుడు బొల్లిగాడు తోక కాళ్ళ మధ్య పెట్టుకుని జెముడు కంచె వెనక్కి పరిగెత్తేవాడు. చాలాసేపటికి గానీ తిరిగి వచ్చేవాడు కాదు.

ఒకసారి వాడు కంచె వెనక ఉన్నప్పుడే నక్క వచ్చి కోడిపుంజును ఎత్తుకుపోయింది.

అవ్వకు కోపం వచ్చింది. కానీ నేల మీద మెలికలు తిరుగుతున్న బొల్లిగాణ్ణి చూసి జాలి కూడా వేసింది.

"ఏమైందిరా?"

"కడుపు నొప్పవ్వా. గారెలు తిన్నాక..."

"ఏంటీ? నా గారెలు తిని కడుపు నొప్పా?" అవ్వ నడుం మీద చేతులు పెట్టుకుంది. "సంతలో ఇంతమంది తింటున్నారు. ఒక్కడికైనా నొప్పొచ్చిందా? పళ్ళు లేని ముసలాళ్ళు కూడా తిని ఇంకో రెండు పెట్టమంటారు. ఇది గారెల వల్ల కాదు. దిష్టి."

"దిష్టా?"

"కాకపోతే? నువ్వు తింటుంటే ఎవరో కళ్ళెట్టారు."

ఆమె ఉప్పూ ఎండుమిరపకాయలూ గుప్పిట్లో పట్టుకుని వాడి చుట్టూ తిప్పింది. "ఊళ్ళో వాళ్ళ దిష్టి, దారిన పోయేవాళ్ళ దిష్టి, ఆ మేక దిష్టి, అన్నీ పోవాలి" అంటూ వాటిని పొయ్యిలో వేసింది.

మేక నొచ్చుకుంది. "నా పేరెందుకు మధ్యలో?" అంది.

మిరపకాయలు కాలినా ఘాటు రాలేదు. ఒక్కరికీ దగ్గు రాలేదు.

"చూశావా? ఘాటు రాలేదంటే పెద్ద దిష్టే తగిలింది," అంది అవ్వ.

నిజానికి పాక కప్పు కారి ఆ మిరపకాయలు నానిపోయాయి. ఆ సంగతి కప్పుకు తెలుసు. కానీ దాన్నెవరూ అడగలేదు.

"దిష్టి తీసిన పూట గంజి తప్ప ఏమీ ముట్టకూడదు," అని అవ్వ నూకల గంజి పోసింది. బొల్లిగాడు గంజి తాగి పడుకున్నాడు. తెల్లారేసరికి కడుపు చల్లబడింది.

నొప్పి పోగొట్టింది గంజి. పేరు మాత్రం మిరపకాయలకు వచ్చింది.

ఇక బొల్లిగాడికి భయం పోయింది. ఎంత తిన్నా ఫరవాలేదు, తర్వాత దిష్టి తీయించుకుంటే సరిపోతుంది అనుకున్నాడు. తిండి దగ్గర అదుపు లేనివాళ్ళందరూ ఇలాగే అనుకుంటారు. సంత జరిగిన ప్రతిసారీ గారెలు తిన్నాడు. ప్రతిసారీ మెలికలు తిరిగాడు. ప్రతిసారీ అవ్వ మిరపకాయలు తిప్పింది.

ఒకరోజు అవ్వ డబ్బాలో చెయ్యి పెడితే డబ్బా అడుగు తగిలింది.

"కూరలోకి కూడా మిరపకాయ లేదు. నీ కడుపే అన్నీ తినేసింది. ఇక నీ దిష్టి నువ్వే తీసుకో," అంది.

"నాకు చేతులు లేవు కదవ్వా."

"కాళ్ళున్నాయి కదా," అని అవ్వ విసుక్కుని లోపలికి పోయింది.

బొల్లిగాడు అరుగు మీద కూర్చుని ఆలోచించాడు. దిష్టి తీసేటప్పుడు ఏదో ఒకటి తన చుట్టూ తిరగాలి. తిప్పేవాళ్ళు లేరు. అలాంటప్పుడు తానే తిరిగితే సరి. లేచి తోకను చూస్తూ గుండ్రంగా తిరిగాడు. ఇంకొకసారి తిరిగాడు. తల తిరిగి పడిపోయాడు. పడ్డచోటే పడుకున్నాడు.

ఆ పూట గంజి లేదు. కాబట్టి నొప్పి తగ్గలేదు. కంచె వెనక్కి పోక తప్పలేదు. నక్క మళ్ళీ వచ్చి గుడ్లు పెట్టే పెట్టను పట్టుకుపోయింది.

ఈసారి అవ్వ జాలిపడలేదు. చెరువులో ఉండే బాతును పిలిపించింది. బాతు మెడ చాపుకుని వచ్చి అరుగు చుట్టూ నడిచి చూసింది.

"అరుగు బాగానే ఉంది," అంది బాతు. "కొంచెం కుక్క వాసన. కడిగించండి. నాకు గారెలు అక్కర్లేదు. నత్తలు నేనే ఏరుకుంటాను. నా కడుపు ఎవరినీ ఇబ్బంది పెట్టదు."

"విన్నావా?" అంది అవ్వ బొల్లిగాడితో. "ఇంకొక్క కోడి పోయిందంటే ఈ అరుగు బాతుది. నువ్వు నీ దారిన పోవచ్చు."

అరుగు పోకూడదనుకున్నాడు బొల్లిగాడు. ఎలాగైనా తనకు దిష్టి పెడుతున్నది ఎవరో కనిపెట్టాలి. ముందు మేకను అడిగాడు.

"అక్కా, నేను తింటుంటే నువ్వు చూస్తున్నావా?"

"నువ్వు తినేటప్పుడు చూడబుద్ధి కాదు తమ్ముడూ. నేను అటు తిరిగి నిలబడతాను," అంది మేక.

కాకిని అడిగాడు. "నేను దేన్నయినా ఒక్క కంటితోనే చూస్తాను," అంది కాకి. "తగిలినా సగం దిష్టే తగలాలి. నీకు మొత్తం నొప్పి వస్తోంది కదా. నేను కాదు."

బాతును అడగలేదు. అది అరుగును తప్ప దేన్నీ చూడటం లేదు.

చివరికి బొల్లిగాడికి ఒక ఉపాయం తోచింది. ఎవరూ చూడకుండా తింటే దిష్టి ఎలా తగులుతుంది?

మళ్ళీ సంత వచ్చింది. అవ్వ తెల్లారే గారెలు వేసింది. వెళ్ళబోతూ విస్తరాకు నిండా వాడికి పెట్టింది. "కోళ్ళు జాగ్రత్త," అంది. బాతు వైపు ఒకసారి చూసి మరీ వెళ్ళింది.

బొల్లిగాడు విస్తరాకును పాక వెనక్కి ఈడ్చాడు. అక్కడ పెద్ద వెదురుగంప ఉంది. ముక్కుతో దాన్ని పైకెత్తి, గారెలతో సహా కిందికి దూరాడు. గంప వాడి మీద బోర్లా పడింది. ఇక మేక లేదు, కాకి లేదు, బాతు లేదు. ఎందుకైనా మంచిదని తన కళ్ళు కూడా గట్టిగా మూసుకున్నాడు. తన దిష్టి తనకే తగలకూడదు కదా.

అన్నీ తినేశాడు. కాసేపు హాయిగా ఉంది.

తర్వాత గుడగుడ. ఆపైన బుడబుడ.

బొల్లిగాడు కళ్ళు తెరిచాడు. ఎవరి కళ్ళూ పడలేదు. తన కళ్ళు కూడా పడలేదు. మరి ఈ నొప్పి ఎక్కడిది?

బయట ఉన్నప్పుడు కోళ్ళ గోలలో, గాలి హోరులో కడుపు మాట వాడికి సరిగ్గా వినబడేది కాదు. ఇప్పుడు గంప కింద అదొక్కటే శబ్దం. ఇన్నాళ్ళూ అది వట్టి గుర్రుమనడమే అనుకున్నాడు. చెవులు రిక్కించి విన్నాడు.

"గార్ర్ర్రె..." అంటోంది కడుపు. "గార్ర్ర్రె..."

పాపం, అది మొదటినుంచీ అదే చెబుతోంది.

సరిగ్గా అప్పుడే నక్క పెరట్లోకి వచ్చింది. సంతరోజు కుక్క కంచె వెనక ఉంటుందని దానికి బాగా అలవాటు. తీరిగ్గా ఏ కోడి బలిసిందో చూసుకుంటోంది. గంపలోంచి పెద్ద గొంతు వినబడింది.

"గార్ర్ర్రె..."

నక్క ఆగిపోయింది. "ఎవరది?"

"గార్ర్ర్రె..."

నక్క పక్కనే ఉన్న బాతును అడిగింది. "గార్రె అంటే ఏ జంతువు?"

"నాకేం తెలుసు? నేనింకా పనిలో చేరలేదు," అని బాతు చెరువు దారి పట్టింది.

గంప కింద బొల్లిగాడికి ఇక ఆగే వీలు లేకపోయింది. కంచె వెనక్కి పోవాలి, అదీ వెంటనే. గంప తీసే తీరిక కూడా లేదు. గంపతోనే లేచి పరిగెత్తాడు. నాలుగు కాళ్ళున్న గంప అరుస్తూ తన మీదికి రావడం నక్క చూసింది. కంచె వైపే పారిపోయింది. గంప కూడా కంచె వైపే వచ్చింది. నక్క కంచె దూకి కొండెక్కింది. కొండ మీద కూడా ఆగలేదు.

పొద్దు వాలేసరికి అవ్వ వచ్చింది. కోళ్ళన్నీ ఉన్నాయి. మేక ఎదురెళ్ళి జరిగింది చెప్పింది. "అవ్వా, బొల్లిగాడు నక్కను కొండవతలికి తరిమేశాడు."

అవ్వ ముఖం వెలిగిపోయింది. "అదిరా నా గారెల బలం," అని, సంతలో అమ్మకుండా వాడి కోసమే దాచి తెచ్చిన గారెలు ముందు పెట్టింది. "తినరా నాయనా. అరుగు నీదే."

బొల్లిగాడు గారెల్ని చూశాడు. అరుగును చూశాడు. తప్పు గారెలదేనని చెబితే అవ్వకు కోపం వస్తుంది. అరుగు పోతుంది. చెప్పకపోతే గారెలు తినాలి. అప్పుడు కోడి పోతుంది. ఆ తర్వాత అరుగూ పోతుంది.

తోక దించుకుని నిలబడ్డాడు.

"నేను నక్కను తరమలేదవ్వా. కంచె వెనక్కి పోతున్నాను. అది కూడా అటే పోయింది."

"మళ్ళీ నొప్పా? ఈసారి ఎవరి దిష్టిరా?"

"ఎవరిదీ కాదు. గంప కింద తిన్నాను. కళ్ళు మూసుకుని తిన్నాను. అయినా నొప్పొచ్చింది." గొంతు సవరించుకున్నాడు. "గారెలేనవ్వా. నా కడుపు స్వయంగా చెప్పింది. నక్క కూడా విన్నది."

అవ్వ ఒక గారె తీసుకుని కొరికి చూసింది. నిదానంగా నమిలింది.

"గారెలో లోపం లేదు," అంది.

"లేదవ్వా."

"ఉప్పు సరిపోయింది. అల్లం కూడా సరిపోయింది."

"సరిపోయాయవ్వా. నా కడుపుకే సరిపోలేదు."

అవ్వ ఆ గారె మొత్తం తినేసింది. "ఈ ముక్క ముందే ఏడవలేకపోయావా?"

"మొదట్లో చెప్పబోయాను. నువ్వు నడుం మీద చేతులు పెట్టుకున్నావు. చెబితే అరుగు పోతుందని భయపడ్డాను."

అవ్వ తన చేతుల్ని చూసుకుంది. అప్పుడు కూడా అవి నడుం మీదే ఉన్నాయి. గబుక్కున దించేసింది.

"ఒరే వెర్రివాడా, అరుగిచ్చింది కోళ్ళను కాస్తావని. గారెలు తింటావని కాదు."

గారెలు తీసి మేకకు పెట్టింది. బొల్లిగాడికి నూకల గంజి కాచింది. ఆ రోజు నుంచి వాడి తిండి విషయంలో అవ్వ గట్టిగా ఉంది. ఉప్పూ కారం లేని గంజి, మెత్తగా ఉడికిన కోడిమాంసం ముక్క. ఆ కోడిని మాత్రం సంత నుంచి తెచ్చేది, బొల్లిగాడు కాపలా కాసినవాటిలోది కాదు. కొన్నాళ్ళు పోయాక ఉడికించిన గుమ్మడికాయ కొంచెం కలిపింది. కొత్తది ఏది పెట్టినా ముందు చిటికెడే పెట్టి, వాడి పొట్టకు చెవి ఆనించి వినేది. కడుపు ఏమీ అనకపోతేనే మరికాస్త పెట్టేది. బొల్లిగాడు గారెల వాసన వచ్చినప్పుడల్లా గుటకలు మింగేవాడు. గుటకలే మింగాడు, గారెలు మింగలేదు. అది చిన్న విషయం కాదు.

నొప్పి పోయింది. నక్క మళ్ళీ రాలేదు. బాతు చెరువులోనే ఉండిపోయి, ఆ ఉద్యోగం తనకే నచ్చలేదని అందరికీ చెప్పుకుంది.

ఒకరోజు గంజి తాగి, అరుగెక్కి, పడుకోబోయే ముందు బొల్లిగాడు గుండ్రంగా తిరగడం అవ్వ చూసింది.

"ఇంకా ఎందుకురా ఆ తిరుగుడు? దిష్టి కాదని నువ్వే చెప్పావు కదా."

"కాదవ్వా. నాకు తెలుసు."

"మరి?"

బొల్లిగాడు ఇంకొక చుట్టు తిరిగి, సర్దుకుని పడుకున్నాడు.

"ఎందుకైనా మంచిదని," అన్నాడు.

అప్పటినుంచే ఏ కుక్కయినా సరే, గంజి తాగినా మాంసం తిన్నా, పడుకునే ముందు తన చుట్టూ తాను తిరిగి చూసుకుని మరీ పడుకుంటుంది.