అబద్ధం ఆడని బోర్డులు

తెలివంటే తమదేనని గవిరయ్య ఇంట్లో అందరూ ఒప్పేసుకున్నారు. బయట ఎవరూ ఒప్పుకోలేదు. కానీ వాళ్ళనెవరడిగారు?

ఇంట్లో అందరూ అంటే ముగ్గురే. గవిరయ్య, తమ్ముడు అసిరయ్య, గవిరయ్య పెళ్ళాం పైడమ్మ. బస్టాండు ఎదురుగా దాలినాయుడు గారి కాంప్లెక్సు ఉంది కదా, మూడంతస్తులది, దానికి ఈ ముగ్గురే కాపలా. అన్న గేటు దగ్గర, తమ్ముడు లిఫ్టు దగ్గర, పైడమ్మ ఊడవడం తుడవడం. పైడమ్మ అయిదో తరగతి దాకా చదివింది. అందుకని ఏదైనా చదవాల్సి వస్తే ఆవిడ చదువుద్ది. చదివింది అర్థం చేసుకోవడం అన్నదమ్ముల పని.

"మన ముగ్గురి తెలివీ కలిపితే ఒక కలెక్టరుకి సరిపోతాదే," అనేవాడు గవిరయ్య.

"మిగులుతాది కూడాను," అనేవాడు అసిరయ్య.

కాంప్లెక్సులో మెట్ల కింద ఒక గది ఉంది. అందులో ఉంటారు. అంతకు ముందు ఇటుకల బట్టీ దగ్గర పాకలో ఉండేవాళ్ళు. వానొస్తే ముగ్గురూ లేచి నిలబడేవాళ్ళు, పడుకుంటే ఎక్కువ తడుస్తామని. ఈ గదికి శ్లాబు ఉంది, తలుపుంది, బల్బుంది. పైడమ్మకి ఆ బల్బంటే ప్రాణం. రోజుకి నాలుగుసార్లు స్విచ్చి వేసి, ఉందిలే అనుకుని, ఆర్పేసేది.

ఒకరోజు పొద్దున్నే దాలినాయుడు గారు బోర్డుల కట్ట ఒకటి ఆటోలో వేసుకుని వచ్చారు.

"గవిరయ్యా, రేపు పదింటికి ఫైరు ఆఫీసరు గారొస్తారు. బిల్డింగులో జాగ్రత్తలన్నీ బాగున్నాయని ఆయన కాయితం మీద సంతకం పెడితే మీకిక్కడ పని ఖాయం, ఆ గది మీదే. పెట్టలేదనుకో, బిల్డింగుకి సీలేస్తారు. మీరు మళ్ళీ బట్టీకి పోవాలి."

పైడమ్మ గబగబా లోపలికెళ్ళి స్విచ్చి ఒకసారి వేసి చూసుకుంది.

"ఈ బోర్డులు ఎక్కడివక్కడ పెట్టండి. బోర్డు మీద ఏది రాసుంటే అదే జరగాలి. రాసింది ఒకటి, జరిగేది ఒకటి అయితే ఆయన ఊరుకోరు."

"మీరు నిశ్చింతగా ఎళ్ళండి బాబూ," అన్నాడు గవిరయ్య. "మా చేతిలో పెట్టిన బోర్డు అబద్ధం ఆడదు."

దాలినాయుడు గారు నిశ్చింతగా వెళ్ళిపోయారు. ఆయన చేసిన తప్పు అదే.

మొదటి బోర్డు పసుపు రంగుది. గుమ్మం దగ్గర నిలబెట్టారు. పైడమ్మ కూడబలుక్కుని చదివింది. "నేల తడిగా ఉంది. జాగ్రత్త."

ముగ్గురూ నేలకేసి చూశారు. అసిరయ్య వంగి అరచేత్తో రాసి చూశాడు.

"పొడిగా ఉంది వదినా."

"తడిగా ఉందని రాసుంది మరిదీ."

గవిరయ్య గెడ్డం గోక్కున్నాడు. "అయితే తప్పు బోర్డుది కాదు. నేలది."

అంతే. రెండు బకెట్ల నీళ్ళు తెచ్చి పోసేశారు. ఫ్యాను గాలికి ఆరిపోతే మళ్ళీ రెండు పోశారు. ఇంకేముంది, కింద బట్టల కొట్టు రంగనాయకులు గారు చీరల మూట నెత్తిన పెట్టుకుని అడుగు పెట్టారు. గుమ్మం దగ్గర నిలబడ్డ మనిషి తన కొట్లో గల్లా దగ్గర కూర్చుని తేలారు. మధ్యలో ఎలా వచ్చారో ఆయనకే తెలీదు.

"ఎవడ్రా నీళ్ళు పోసింది?"

"మేవేనండి," అన్నాడు గవిరయ్య గర్వంగా. "బోర్డులో రెండు ముక్కలున్నాయి. తడి మా వంతు, జాగ్రత్త మీ వంతు. మా వంతు మేం చేశాం."

రెండో బోర్డు లిఫ్టుకి. "ఈ లిఫ్టు ఆరుగురికి," అని చదివింది పైడమ్మ. అసిరయ్య రెండుసార్లు చదివించుకున్నాడు.

కాసేపటికి దవడ వాచిన ముసలమ్మ ఒకావిడ వచ్చింది, పైన పళ్ళ డాక్టరు దగ్గరికి.

"ఎంతమందమ్మా?" అన్నాడు అసిరయ్య.

"ఒక్కదాన్నే నాయనా. పన్ను."

"పన్నుని లెక్కెయ్యరమ్మా. ఇంకా అయిదుగురు కావాల."

"నాకెవరున్నారు నాయనా, మా ఆయన పోయి పదేళ్ళయింది."

అసిరయ్య మనసు మెత్తన. ముసలమ్మని స్టూలు మీద కూర్చోబెట్టి బస్టాండుకి పరిగెత్తాడు. బస్సు కోసం చూస్తున్న నలుగురిని, జామకాయలు అమ్ముకునే మనిషిని వెంటబెట్టుకొచ్చాడు. ఒక ముసలమ్మ ప్రాణం మీ చేతిలో ఉందన్నాడు మరి, ఎవరు కాదంటారు? ఆరుగురూ లిఫ్టులో, అసిరయ్య మెట్ల మీద పైకెళ్ళారు. ఎలాగూ వచ్చాను కదా అని జామకాయల మనిషి కూడా ఒక పన్ను పీకించుకున్నాడు.

దిగేటప్పుడు చూస్తే అయిదుగురే. ముసలమ్మకి ఇంకా పని అవలేదు. అంతే, అసిరయ్య పళ్ళ డాక్టరు చెయ్యి పట్టుకున్నాడు.

"దిగిరండి డాట్రు గారూ, ఒకరు తక్కువయ్యారు."

"అవతల ఆవిడ నోట్లో పట్టకారుందయ్యా!"

"ఉండనివ్వండి, ఎక్కడికీ పోదు. తిరిగొచ్చేటప్పుడు ఇంకో అయిదుగురిని తెస్తాను."

కిందకి దిగేసరికి నలుగురి బస్సూ వెళ్ళిపోయింది.

మూడో బోర్డు గేటు పక్కన. "మీరు కెమెరాలో కనబడుతున్నారు." ఇది చదివి పైడమ్మ సిగ్గుపడి లోపలికెళ్ళి తల దువ్వుకుని వచ్చింది. తర్వాత ఆలోచించింది. తనొక్కతే బాగుంటే చాలదు కదా, వచ్చేవాళ్ళందరూ కనబడతారు. దువ్వెన, పౌడరు డబ్బా పట్టుకుని గేటు దగ్గర నిలబడింది. వచ్చినవాళ్ళని వచ్చినట్టు పట్టుకుని పౌడరు అద్దింది. కరెంటు మీటరు చూసుకోడానికొచ్చిన మనిషి మీసాలు తెల్లగా వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం గవిరయ్య అన్నాడు, "ఇంత జాగ్రత్తగా ఉన్న బిల్డింగు ఈ జిల్లాలో ఇంకోటుండదే."

మర్నాడు పదింటికి ఫైరు ఆఫీసరు గారు జీపు దిగారు. మంచాయన, తొందరపడే మనిషి కాదు. గేటులో గవిరయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"తనిఖీకొచ్చినోళ్ళని కార్డు లేకుండా లోపలికి పంపమండి. బోర్డుంది."

"శభాష్," అన్నారు ఆఫీసరు గారు, సంతోషంగా కార్డు తీసిచ్చారు.

గవిరయ్య కార్డుకేసి చూశాడు. ఆయన కేసి చూశాడు. కార్డు మీది ఫోటో ఉద్యోగంలో చేరినప్పటిది. నిండా నల్లటి జుట్టు. ఇక్కడ చూస్తే టోపీ చేతిలో ఉంది, నెత్తిన బట్టతల.

"ఈ కార్డు బాబు గారు ఎక్కడున్నారండి?"

"నేనేనయ్యా."

"ఆయనకి జుట్టుందండి."

"నాకూ ఉండేది!"

"అయితే అప్పుడు రావాల్సిందండి."

పైడమ్మకి భయమేసింది. ఈయన వెనక్కెళ్ళిపోతే బల్బు పోతాది, గది పోతాది. పరిగెత్తుకొచ్చి ఆయన చేతిలోని టోపీ తీసి ఆయన నెత్తిన పెట్టింది. "చూడయ్యా, టోపీ పెడితే జుట్టు ఉందో లేదో ఎవరికి తెలుస్తాది? ఇప్పుడు ఆయనే." గవిరయ్య ఒప్పుకున్నాడు. ఆఫీసరు గారి మొహానికి కాస్త పౌడరు రాసి లోపలికి పంపించారు.

ఆయన పసుపు బోర్డు చూసి, తడి నేల మీద మెల్లగా అడుగులేసుకుంటూ వెళ్ళి, ఎర్ర సిలిండర్లు చూశారు, ఇసక బకెట్లు చూశారు, వైర్లు చూశారు. అన్నీ బాగానే ఉన్నాయి. అప్పుడు అసిరయ్యని పిలిచారు.

"ఇదిగో అబ్బాయ్, ఇప్పుడు రెండో అంతస్తులో మంట వచ్చిందనుకో."

"రాలేదు కదండి."

"రాలేదయ్యా. వచ్చిందనుకో."

అసిరయ్య కళ్ళు మూసుకున్నాడు. "అనుకున్నానండి."

"ఏం చేస్తావ్?"

"అనుకుంటన్నానండి."

"అనుకున్నాక ఏం చేస్తావ్?"

"మీరు ఆపమనేదాకా అనుకుంటానండి."

ఆఫీసరు గారు నుదురు తుడుచుకున్నారు. పౌడరు చేతికొచ్చింది. "పోనీ, వెనక తలుపు చూపించండి."

వెనక తలుపు మీద కూడా బోర్డుంది. "ప్రమాదం జరిగినప్పుడు మాత్రమే తెరవాలి."

"తెరువు," అన్నారాయన.

"ప్రమాదం ఏదండి?" అన్నాడు గవిరయ్య.

"తలుపు పనిచేస్తోందో లేదో చూడాలి కదయ్యా!"

"చూద్దురు గాని. ఏదో ఒక ప్రమాదం జరగనివ్వండి. మాకేటి తొందర?"

"నేను ఆఫీసర్ని, తెరవమంటున్నా."

"మీరు ఆఫీసరే గానీ ప్రమాదం కాదు కదండి."

ఆయనకి ఒళ్ళు మండింది. "సంతకం లేదు, ఏం లేదు!" అని కాయితాలు చంకలో పెట్టుకుని విసవిసా గుమ్మం వైపు నడిచారు. పైడమ్మ గదిలోకి పోయి ఏడుస్తూ గిన్నెలు మూట కట్టడం మొదలెట్టింది.

ఆయన విసవిసా నడిచింది పసుపు బోర్డు దగ్గరికి. ఇంకేముంది. రెండు కాళ్ళూ పైకి లేచాయి, టోపీ ఒకవైపు పోయింది, ఆయన ఒకవైపు పోయారు. దబ్బున వెల్లకిలా పడ్డారు.

"జరిగిందిరా తమ్ముడా!" అని గంతేశాడు గవిరయ్య. "ప్రమాదం జరిగింది! తలుపు తెరువు!"

అసిరయ్య వెనక తలుపు ఫెడీమని తెరిచాడు. చప్పుడు లేకుండా, అడ్డం లేకుండా, గోడకి ఆనేదాకా తెరుచుకుంది. ఆఫీసరు గారు పడుకునే చూశారు. ఆయన మంచాయన అని చెప్పాను కదా. నడుం పట్టుకుని లేచి, "తలుపు బాగుంది," అని రాసుకున్నారు.

"ఆఖరుగా ఒకటి. నేను విజిలు ఊదుతాను. బిల్డింగులో ప్రాణం ఉన్నది ఏదీ లోపల మిగలకూడదు. అయిదు నిమిషాలు టైము. ఇందులో నెగ్గితే సంతకం పెడతాను."

పైడమ్మ కట్టిన మూట అక్కడే వదిలేసి కొంగు బిగించింది.

విజిలు మోగింది. అబ్బో, ఆ తర్వాత చూడాలి. అసిరయ్య మెట్ల మీద మూడేసి దూకాడు. పళ్ళ డాక్టరు కుర్చీని అందులో కూర్చున్న రోగితో సహా ఎత్తుకొచ్చాడు. ఆ రోగి నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది. గవిరయ్య రంగనాయకులు గారిని భుజానేసుకుని, "నిన్నటి నుంచీ నడుం నొప్పిరా నాయనా," అంటున్నా వినకుండా రోడ్డు మీద దించాడు. కంప్యూటరు సెంటరు పిల్లలు పదిమందినీ, వాళ్ళ గాజుతొట్టిలో చేపల్నీ తెచ్చేశారు. పైడమ్మ పూలకుండీలు మోసుకొచ్చింది.

"మొక్కలెందుకమ్మా?" అన్నారు ఆఫీసరు గారు.

"మొక్కకి ప్రాణం ఉంటాదని నాలుగో తరగతిలో చెప్పారండి," అంది పైడమ్మ.

అసిరయ్య రెండు గుప్పెళ్ళు మూసుకుని ఆఖరుగా వచ్చాడు. "ఒక దాంట్లో బల్లి, ఒక దాంట్లో దోమలండి. ఇంకో దోమ ఉండాల, అది నా వీపు మీద కూర్చుని వచ్చింది."

ఆఫీసరు గారు గడియారం చూసుకున్నారు. నాలుగు నిమిషాలు. ఇంకోసారి చూసుకున్నారు. "ఇరవై ఏళ్ళ సర్వీసులో ఇంత తొందరగా ఖాళీ అయిన బిల్డింగు చూళ్ళేదు," అని జీపు బోనెట్టు మీద కాయితం పెట్టి నీలం సిరాతో పెద్ద సంతకం చేశారు.

సరిగ్గా అప్పుడే వచ్చిన దాలినాయుడు గారు ఆనందం పట్టలేకపోయారు. కాయితం తీసుకుని గవిరయ్య చేతిలో పెట్టారు.

"ఇది పోతే మనం పోయినట్టే. నిప్పు తగలని చోట భద్రంగా దాచు. నేను ఆఫీసరు గారికి భోజనం పెట్టించి వస్తాను."

ముగ్గురూ కాయితం మధ్యలో పెట్టుకుని కూర్చున్నారు.

"పెట్టెలో పెడదామా?" అంది పైడమ్మ.

"పెట్టె చెక్కది. కాలుతాది," అన్నాడు గవిరయ్య.

"దిండు కింద?"

"దూది. భగ్గుమంటాది."

"ఇనప బీరువాలో?"

"ఇనుము కాలితే ఎర్రగా అవుతాది. బట్టీలో చూళ్ళేదా? ఈ లోకంలో నిప్పు భయపడేది ఒక్కదానికే." అసిరయ్య డాబా వైపు వేలు చూపించాడు. "నీళ్ళకి."

అంతే. ముగ్గురూ డాబా ఎక్కారు. నీళ్ళ ట్యాంకు మూత తీసి కాయితం అందులో వేశారు. తేలింది. తేలితే ఎండకి ఎక్కడ అంటుకుంటుందో అని దాని మీద ఇటుక పెట్టి ముంచారు. మూత బిగించి చేతులు దులుపుకున్నారు.

సాయంత్రం దాలినాయుడు గారు ఫోటో ఫ్రేము కొనుక్కుని వచ్చారు. "కాయితం ఏదిరా?"

చూపించారు. ఆయన ట్యాంకులో చెయ్యి పెట్టి తీస్తే పెరుగన్నంలా ముద్ద వచ్చింది. తెల్లటి ముద్ద. అక్షరం లేదు. ఆయన డాబా మీద చతికిలపడ్డారు.

"సంతకం ఏదిరా? రేపు మునిసిపాలిటీ ఆఫీసులో అసలు కాయితం చూపించి జిరాక్సు ఇవ్వాలి. లేకపోతే సీలే! మీరు బట్టీకే!"

"సంతకం ఎక్కడికి పోతాది బాబూ?" అన్నాడు గవిరయ్య. "మూత బిగించాం కదా. ఇందులోనే ఉంది. రేపు మేమే పట్టుకెళ్ళి ఇచ్చేస్తాం, మీరు పడుకోండి."

మర్నాడు ఆఫీసు తలుపు తీయగానే ముగ్గురూ గుమస్తా బల్ల ముందు నిలబడ్డారు. పైడమ్మ నెత్తి మీంచి ట్యాంకు నీళ్ళ నిండు బిందె దించి బల్ల మీద పెట్టింది.

"ఏంటమ్మా ఇది?" అన్నాడు గుమస్తా.

"అసలు కాయితమండి," అంది పైడమ్మ.

అసిరయ్య దాని పక్కన ఒక చెంబుడు నీళ్ళు పెట్టాడు.

"ఇది జిరాక్సండి."