పాపాయి నవ్విన దెబ్బ

అనగనగా చిత్రావతి ఏటి పక్కన ఒక ఊళ్ళో తోలుబొమ్మలు ఆడించే ఇల్లు ఒకటి ఉండేది. ఆ ఇంట్లో తాత ఖండోజి, కొడుకు లక్ష్మోజి, కోడలు తుంగమ్మ, ఇంకా పళ్ళయినా రాని పాపాయి ఓబులమ్మ. కాళ్ళు ఆడించకుండా విను మరి.

కొడుకు తెర వెనక బొమ్మల్ని ఆడిస్తాడు. వీరుడి బొమ్మ రాక్షసుడి బొమ్మను గదతో కొట్టగానే, ఎవరో ఒకరు కాలి కింద చెక్కను ధనామని తొక్కాలి. అప్పుడే దెబ్బ తగిలినట్టుంటుంది. ఆ చెక్క ఎప్పుడూ తుంగమ్మే మొగుడి పక్కన నిలబడి తొక్కేది. ఓబులమ్మ పుట్టాక చంటిపిల్లతో కుదరక, ఆ పని తాత అందుకున్నాడు.

అప్పటి నుంచి ఏమైందో ఏమో, ఆట రక్తి కట్టడం లేదు. జనం ఆవలించి మధ్యలోనే లేచిపోయేవాళ్ళు. అప్పుడు దీపంలో నూనె మార్చారు, లాభం లేదు. ఆ తర్వాత బొమ్మలకు కొత్త రంగులు వేశారు, లాభం లేదు. ఆ తర్వాత కొత్త చెక్క చేయించారు, అయినా అంతే.

అప్పుడు ఊరి పెద్ద వచ్చాడు. "సంతనాడు ఇంకొక్కసారి ఆడండి. అప్పుడూ జనం లేచిపోతే, శివరాత్రికి వేరే మేళాన్ని పిలుచుకుంటాం" అన్నాడు. శివరాత్రి ఆట పోతే ఆ ఇంటి పేరే పోయినట్టు. ఆ పూట ఎవరికీ ముద్ద దిగలేదు.

మర్నాడు తుంగమ్మ పాపను ఎదురుగా గోడకానించి కూచోబెట్టి కొర్రలు దంచుతోంది. రోకలి పడుతుంది, దబ్బుమంటుంది, పాప కిలకిలా నవ్వుతుంది. మళ్ళీ పడుతుంది, మళ్ళీ నవ్వుతుంది. ఆ బుజ్జి బుర్ర ఖాళీగా ఉందనుకున్నావా? కంటితో చూసిందీ చెవితో విన్నదీ జత కలుపుకుంటూనే ఉంటుంది. నువ్వు మాత్రం తక్కువ తిన్నావా? నేను మాట్లాడుతుంటే నా నోటికేసే గుడ్లప్పగించి చూసేదానివి.

ఆ సాయంత్రం సాధన చేస్తుంటే, తుంగమ్మ పాపను ఒళ్ళో పెట్టుకుని తెర ముందు కూచుంది. బొమ్మ కొట్టింది, చెక్క మోగింది. పాప నవ్వలేదు. మళ్ళీ కొట్టింది, మళ్ళీ మోగింది. పాప బొమ్మను చూసింది, చప్పుడొచ్చిన వైపు చూసింది, మొహం ముడుచుకుంది. తుంగమ్మ ఈసారి కన్నార్పకుండా చూసింది. దెబ్బ ముందు పడుతోంది, చప్పుడు రవ్వంత వెనక వస్తోంది!

"మామా, రెండూ కలవడంల్యా. పాప పట్టేసింది" అంది.

"పాలు తాగే పిల్లకేం తెలుస్తాది!" అన్నాడు లక్ష్మోజి.

తాతకు ఉక్రోషం వచ్చింది. "పాట లెక్క ఏనాడూ తప్పలా నా కాలు!"

"పాట తప్పలా మామా. నీకు బొమ్మ కనపడతాందా?"

తాత మెడ సాచి చూశాడు. కొడుకు వీపు అడ్డం, బొమ్మ ఎక్కడ కనబడుతుంది? ఇన్నాళ్ళూ కొడుకు పాడే పాట తాళం లెక్కనే తొక్కుతున్నాడు పాపం.

అప్పుడు తాత చెక్కను బొమ్మ కనబడేట్టు పక్కకు లాక్కున్నాడు. మొదటి దెబ్బకు చప్పుడు ముందే వచ్చింది. పాప బిక్కమొహం వేసింది. రెండో దెబ్బకు ఆలస్యమైంది. పాప పెదవి విరిచింది. మూడో దెబ్బకు గదా చెక్కా ఒక్కటైపోయాయి. పాప కిలకిలా, కిలకిలా, ఆపితే ఒట్టు! తాత పరుగున వచ్చి మనవరాలిని ముద్దులతో ముంచేశాడు.

ఆ తర్వాత సంత వచ్చింది. ఆట తెల్లవార్లూ సాగింది. దెబ్బ పడ్డప్పుడల్లా జనం ఉలిక్కిపడ్డారు, ఈలలు వేశారు, ఒక్కరూ కదల్లేదు.

అప్పుడు ఊరి పెద్ద శివరాత్రి ఆటకు తాంబూలం పళ్ళెంలో తెచ్చి, "మేళం పెద్ద వచ్చి అందుకోవాల" అన్నాడు.

తాత లేచాడు. పాపను రెండు చేతులతో ఊరంతటికీ కనబడేట్టు పైకెత్తాడు. "మా మేళానికి పెద్ద ఈమెనే!" అన్నాడు. ఆ గొంతులో గర్వం ఊరి చివరిదాకా వినబడింది. ఓబులమ్మ తమలపాకును గుప్పిట పట్టింది. అందరికంటే ముందు వంగి ఆ బుజ్జి పాదాలు కళ్ళకద్దుకున్నది ఎవరనుకున్నావు? లక్ష్మోజే!

కథేమో కంచికి కదిలిపోయింది,
కునుకేమో మనింటికి నడిచొచ్చింది.
కళ్ళు మూసుకో నా బంగారు తల్లీ,
చెవులూ పడుకుంటాయి వాటెనకే వెళ్ళి.