దొరగారి పులి, దొరగారి మోటారు

మొగిలిపాడు జమీందారుగారికి ప్రాణమైనవి రెండే: మోటారుకారు, తాను స్వయంగా కొట్టిన పులి. ఆ రెంటినీ ఒకచోట చేర్చడంతోనే చిక్కొచ్చింది. తలుపు తియ్యగానే పులి కనబడాలని, దాని తోలు తలకాయతో సహా డ్రైవరు కాళ్ల కింద పరిపించారు. అది మొదలు గేరు పడితే ఒట్టు. కడ్డీ లాగితే కర్రుమనడమే.

"పులి తల అడ్డొచ్చి క్లచ్ పూర్తిగా దిగట్లేదండీ, తోలు తీసేద్దాం" అన్నాడు డ్రైవరు.

"నా పులినే తీసెయ్యమంటావా?" అని దొరగారు ఆ పూటే వాణ్ణి పంపించేశారు.

వాడి చోట చేరిన సైదులు క్లచ్ తొక్కాడు. పెడలు పులి నెత్తి మీద ఆగిపోయింది. జబ్బు తెలిసింది, కానీ చెబితే తన గతీ అంతే. ఇంట్లో పొయ్యి వెలగాలంటే ఈ కొలువే దిక్కు. దిగి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఏమిట్రా రోగం?"

"బండికేం లేదు దొరా, తప్పు నా కాలిది. తమరు కొట్టిన పులిని తమరు తొక్కాలి గానీ, జీతగాణ్ణి నేను తొక్కడమేమిటి? చూసినవాళ్లు ఇది సైదులుగాడు కొట్టిన పులి అనుకోరూ?"

దొరగారి మీసం అదిరింది. "తియ్యండ్రా! వెనక నా కాళ్ల కింద పరవండి!"

సైదులు ఎక్కి క్లచ్ తొక్కాడు. గేరు కిక్కురుమనకుండా పడింది. బండి కదిలింది.

"చూశావురా నా పులి మహిమ!" అన్నారు దొరగారు, దాని నెత్తిన కాళ్లు చాపుకుని.

"చిత్తం దొరా" అన్నాడు సైదులు. "అది వెనక్కి జరిగితే గానీ బండి ముందుకి కదల్లేదు."