ఓబులక్క కొండపరుగు

ఊ కొడితే చెబుతా, ఊరుకుంటే ఆపేస్తా. అనగనగా ఒక కొండ. కొండ కింద ఒక ఊరు. ఊరి చివర సున్నం బట్టీలు. ఆ బట్టీల్లో సున్నం కాల్చే ఎల్లక్కకు ఒకతే కూతురు, ఓబులక్క.

పాకే వయసులో ఓబులక్క ఎడమకాలు ఉడికే సున్నంలో పడింది. ప్రాణం దక్కింది గానీ వేళ్లు దక్కలేదు. నడిస్తే ఊరు నవ్వింది. నిలబడితే నవ్వింది. కూచున్నా నవ్వింది.

ఆ ఊళ్లో ఏటేటా అమ్మవారి జాతరకు కొండపరుగు పెట్టేవాళ్లు. కొండమీది గంట ఎవరు ముందు కొడితే వాళ్ల కాలికి వెండి కడియం. ఆడైనా మగైనా ఉరకొచ్చునని చాటింపు.

"అమ్మా, నేనూ ఉరుకుతా."

"వేళ్లు లేని కాలు, రాయిని ఎట్లా పడుతుందే?"

"పట్టేదాకా ఉరుకుతా."

పొద్దున కొండెక్కి సున్నపురాళ్ల గంపతో దిగేది. సందెకు ఉత్త చేతుల్తో మళ్లీ ఉరుకుతూ ఎక్కేది. కాలు నెత్తురు కారేది. పసుపు అద్దుతూ ఎల్లక్క ఏడిస్తే, "ఏడుపెందుకు? కట్టు గట్టిగా కట్టు" అనేది.

మొదటి ఏడు ఉరికింది. సగం కొండలో పడింది. ఊరు నవ్వింది.

రెండో ఏడు ఉరికింది. గంట కనబడేదాకా పోయి వెనకబడింది. ఊరు నవ్వింది.

మూడో ఏడు ఉరికింది. ఊరి పెద్దకాపు కొడుకు ముందున్నాడు. పైన రాళ్లు జారేచోట వాడు చూసి చూసి అడుగేశాడు. ఓబులక్క చూడలేదు. రోజూ గంప మోసిన దారే గదా! కాలు చీలినా ఆగలేదు. గంట మోగింది. ఊరు నవ్వలేదు.

కిందికొచ్చి నిలబడింది. పెద్దకాపు కడియం పట్టుకుని ఆమె కాలు చూశాడు.

"అమ్మవారి సొమ్ము అవిటికాలికి పెడితే ఊరికి అరిష్టం."

"గంట కొట్టింది నేనే గదయ్యా?"

"కొట్టినావులే. ఇంటికి పో."

ఓబులక్క కుడికాలు ముందుకు పెట్టింది. "ఇది బాగుందయ్యా. దీనికి పెట్టు."

అందరూ విన్నారు. పెద్దకాపు తన కొడుకు కాలికి కడియం తొడిగాడు.

చీలిన కాలు చీము పట్టింది. జ్వరం కాసింది. ఓబులక్క తొలకరి చూడకుండానే పోయింది.

ఆ ఏడు వానల్లేవు. ఓబులక్క ఉసురు తగిలిందన్నారు. భయంతో పెద్దకాపు కొత్త కడియం చేయించి, మేళంతో బట్టీల దగ్గరికి వచ్చాడు.

"తీసుకో ఎల్లక్కా. నీ బిడ్డ మాకు దేవత."

"నా బిడ్డకు కాలుండె గదయ్యా. అప్పుడు తేకపోతివి." ఎల్లక్క తలుపు వేసుకుంది.

వాళ్లు పోయి ఆ కడియాన్ని కొండమీద ఒక రాయికి తొడిగారు. ఇప్పటికీ జాతరలో "ఓబులక్కా!" అని కేకేశాకే పరుగు మొదలుపెడతారు. ముందు కేక పెద్దకాపు వంశానిదే. మా ఇంటి ఆడపడుచని చెప్పుకుంటారు కూడా. బట్టీలవాళ్లు ఇంకా దూరంగానే నిలబడతారు.

బతికుండగా పలకరించని మనిషిని పోయాక పొగిడితే, ఆ పక్క ముసలమ్మలు మూతి తిప్పి ఒకటే మాటంటారు:

"ఓబులక్కకు కడియం తెచ్చినారులే."