దొరసాని వెన్న మాట

కొండవలస రాజావారికి ఉన్నట్టుండి పట్టు మీద మనసైంది. పట్టుపురుగుల పెంపకం నేర్పడానికి జపాను నుంచి మొరికావా అనే నిపుణుణ్ణి పిలిపించారు. అతనికి తెలుగు రాదు, ఇంగ్లీషు నాలుగు ముక్కలొచ్చు. మిగతాది నేర్పే పని ఆస్థాన పంతులు అనంతశయనంగారు తన మీద వేసుకున్నారు. నిఘంటువు మొత్తం తనకు కంఠతా వచ్చని ఆయన రోజుకోసారైనా అందరికీ చెప్పేవారు.

పదిరోజులకే పరువు పోయింది. విందులో కలెక్టరు దొరసాని పాటను మొరికావా తెగ మెచ్చుకున్నాడు. ఆవిడ మురిసిపోతూ, మరీ కాకా పట్టకండి అనే అర్థంలో "డోంట్ బటర్ మీ అప్" అంది. బటర్ అంటే వెన్న, అప్ అంటే పైకి అని పంతులుగారి పాఠం. మొరికావా కంగారుగా లేచి, ఆవిడ ముందున్న వెన్నగిన్నె తీసుకెళ్ళి బీరువా మీద పెట్టొచ్చాడు.

అందరూ విరగబడి నవ్వారు. మర్నాడు అతను పెట్టె సర్దుకున్నాడు.

జపానువాడి బుర్రకి ఇంగ్లీషు ఎక్కదని పంతులుగారు తేల్చేశారు. దుబాసీ సోమన్నకు ఆ మాట గుచ్చుకుంది. భీమిలి రేవులో ఓడవాళ్ళ మధ్య ఇంగ్లీషు నేర్చుకున్న రోజుల్లో తననూ చూసి ఇలాగే నవ్వారు. తను నేర్పగలనన్నాడు.

రాజావారు పందెం పెట్టారు. ఆ ఒక్క మాట మొరికావాకు ఎవరు తెలియజెబితే వాళ్ళే ఇకమీద గురువు. ఓడినవాళ్ళు ఇంటికే.

పంతులుగారు గంటసేపు నిఘంటువు తిరగేశారు. మొరికావా అయోమయంగా చూస్తూ కూర్చున్నాడు.

సోమన్న అతని పక్కన చేరి, చూస్తూ ఉండమని సైగ చేశాడు. తరవాత రాజావారితో, తమరు నిన్న రాసిన పద్యం పంతులుగారు వినలేదేమో అన్నాడు.

రాజావారు సంబరంగా చదివారు. రెండు పాదాల్లో గణాలు తప్పాయి. పంతులుగారు నడుం వంచి, చేతులు నలుపుకుంటూ ముందుకొచ్చారు.

"ఏలినవారు కలం పట్టాక మిగతా కవులు బతికేదెలా ప్రభూ? మీ మీసం చూస్తేనే ఛందస్సు దానంతటదే సర్దుకుంటుంది."

తెలుగు ముక్క రాని మొరికావా మొహం వెలిగిపోయింది. ఒక అరచేతిని గిన్నెలా పట్టి, రెండో పిడికిలితో అందులో గిరగిరా నూరాడు. కాకా పట్టడాన్ని తమ దేశంలో నువ్వులు నూరడం అంటారట.

సోమన్న అతని చెవిలో రెండే మాటలు వేశాడు. "బటరింగ్ అప్."

మొరికావా లేచి రాజావారికి వంగి నమస్కరించాడు.

"కింగ్ సార్, టీచర్ ఈజ్ బటరింగ్ యూ అప్."

రాజావారు ఒకసారి మీసం తడుముకుని, పొట్ట పట్టుకుని నవ్వారు. భుజం మీది శాలువా తీసి సోమన్నకు కప్పారు. మరి తనను నిజంగా ఇంటికి పంపేస్తారా అని పంతులుగారు నసిగారు.

"పంపకండి ప్రభూ," అన్నాడు సోమన్న. "పాఠానికి ఇంత మంచి ఉదాహరణ ఏ నిఘంటువులోనూ దొరకదు."

అని, పంతులుగారిని చూపిస్తూ అరచేతిలో నువ్వులు నూరినట్టు సైగ చేశాడు. ఈసారి అందరికంటే పెద్దగా నవ్వింది మొరికావాయే.